నాకు రాని టైఫాయిడ్

నాకు జీవితంలో ఒక్కసారి కూడా టైఫాయిడ్ రాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది. కాలవ గట్టు పక్కన అద్దెకున్న రోజుల్లో దోమలు కుట్టి మలేరియా వచ్చింది. టైఫాయిడ్ మాత్రం రాలేదు. కానీ గవర్నర్‌పేటలో నేను ముప్పై ఆరేళ్ళు పనిచేసిన ఆఫీసులో నా సర్వీసు రిజిస్టరు తీసి చూస్తే, మూడుసార్లు వచ్చినట్టు ఉంటుంది. ఒకసారి ఏడు నెలలు, ఒకసారి పదకొండు నెలలు, ఇంకోసారి అయిదు నెలలు. పదకొండు నెలల టైఫాయిడ్! అంత జ్వరం పడ్డవాడు నల్లగా మాడిపోయి, నడుం నిటారుగా పెట్టుకుని, ముందుకంటే గట్టిగా తయారై తిరిగొస్తే, ఇదేం జ్వరమయ్యా అని అడిగిన పాపాన పోలేదు ఒక్కడూ.

ఆ ఇరవై మూడు నెలలూ నేను సైన్యంలో ఉన్నాను.

నేను రిజర్వు సైనికుణ్ణి. తెలియనివాళ్ళ కోసం చెబుతాను, మావైపు చాలామందికి తెలియదు. ఇది పూర్తికాలం మిలటరీ కాదు. ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటూనే ఉంటారు. ఏడాదికోసారి శిక్షణకి వెళ్ళాలి. అవసరం పడి పిలుపు వచ్చిందా, ఉన్నపళంగా పెట్టె సర్దుకుని చెప్పిన చోటికి వెళ్ళాలి, వాళ్ళు పంపేదాకా ఉండాలి. నేను చేరినప్పుడు నాకు పాతికేళ్ళు. జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చి ఏడాదైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫైళ్ళకి ట్యాగులు కట్టే బతుకులో ఏదో ఒకటి నాదంటూ ఉండాలనిపించి చేరాను. దేశభక్తి అని పెద్ద మాటలు చెప్పను. తుపాకీ పట్టుకోవాలని ఉండేది, అంతే.

మా బంధువుల్లో నా పేరు 'సగం మిలట్రీ'. పెళ్ళిళ్ళలో భోజనాల బంతిలో కూర్చుంటే చాలు, "ఏవయ్యా సగం మిలట్రీ, నీకు సగం గారె వెయ్యమంటావా?" అని మొదలుపెట్టేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాణ్ణి కాదు నేను. "నాకు రెండు వెయ్యండి, ఒకటి ఆఫీసుకి, ఒకటి సైన్యానికి" అనేవాణ్ణి. కానీ వాళ్ళన్నదాంట్లో ఒక ముక్క నిజం లేకపోలేదు. సైన్యం ఇచ్చే పెన్షన్ రావాలంటే యూనిఫాంలో ఉన్న రోజులే అన్నీ కలిపి పదిహేనేళ్ళు కావాలి. నాకు రెండేళ్ళు కూడా పూర్తిగా లేవు. కాబట్టి అటువైపు నుంచి నాకు ఏమీ రాదని మొదట్నుంచీ తెలుసు. ఇటువైపు మాత్రం ఒక రూలు ఉంది. పిలుపు మీద వెళ్ళిన కాలాన్ని ఆఫీసు డ్యూటీగానే లెక్కెయ్యాలి. ఇంక్రిమెంటు గానీ, సీనియారిటీ గానీ, రిటైరయ్యాక వచ్చే పెన్షన్ గానీ ఏదీ తగ్గకూడదు. మా రిజర్వువాళ్ళకి దక్కే మేలు అదొక్కటే. దాన్ని నేనే చేతులారా పోగొట్టుకున్నాను.

ఎలాగంటే, మొదటి పిలుపు వచ్చిన రోజు కాగితం పట్టుకుని మా హెడ్ గుమస్తా గారి దగ్గరికి వెళ్ళాను. పది రోజుల్లో హాజరు కావాలి. ఆయన కళ్ళజోడు పైకెత్తి చదివి, కింద పెట్టి, మళ్ళీ చదివారు.

"ఏవయ్యా, దీనికి పై ఆఫీసు పర్మిషన్ కావాలి. వాళ్ళు ఇంకా పైకి రాస్తారు. ఆ ఫైలు తిరిగొచ్చేసరికి నీ యుద్ధం అయిపోయి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారు."

"మరెట్లా అండీ? వెళ్ళకపోతే అరెస్టు చేస్తారు."

"వెళ్ళు. నేను చూసుకుంటాగా. జీతం లేని సెలవు పెట్టు. కారణం టైఫాయిడ్ అని రాయి. నువ్వొచ్చాక తీరిగ్గా మిలట్రీ కాగితం పెట్టి సరిచేద్దాం. ఎవరికీ చెప్పకు. ఆకాశరామన్న ఉత్తరాలు రాసే మహానుభావులు మన సెక్షన్లోనే ఉన్నారు."

లంచం అడగలేదు. టీ ఇప్పిస్తానంటే కూడా వద్దన్నారు. తెలిసిన డాక్టరు దగ్గర సర్టిఫికెట్ కూడా ఆయనే తెప్పించారు. మా ఆఫీసులో మనిషికి మేలు చెయ్యడమంటే అదే. రూలు ప్రకారం జరగాల్సిన పనిని, రూలు లేనట్టు చేసిపెట్టడం. నేను ఆయన కాళ్ళకి దండం పెట్టినంత పనిచేసి సంతకం పెట్టాను. తప్పు నాది కూడా. సగం కాదు, మొత్తం.

నన్ను పంపింది ఉత్తరాన కొండల్లోకి. ఒక వంతెన. దాని మీద రాత్రీ పగలూ లారీలు పైకి వెళ్ళేవి. మేం పదిమందిమి వంతెనకి ఇటు, పదిమంది అటు. నేలంతా తడిసి ఉండే మా డెల్టాలో పుట్టినవాణ్ణి. అక్కడ నీళ్ళు బకెట్లో గడ్డకడితే సుత్తితో కొట్టుకోవాలి. మూడు జతల మేజోళ్ళు తొడుక్కున్నా వేళ్ళు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. ఒకసారి కొండ చరియ విరిగి మా వెనకున్న గుడారం మీద పడింది. లోపల ఇద్దరున్నారు. చేతులతో తవ్వాం. ఒకణ్ణే తీయగలిగాం.

ఆ సమయానికి ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి మా ఆఫీసువాళ్ళు ఐదుగురు బస్సెక్కి వచ్చారట నన్ను పరామర్శించడానికి. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. జబ్బుపడ్డవాడి ఇంటికి రొట్టె ప్యాకెట్టూ బత్తాయిలూ పట్టుకుని వెళ్ళకపోతే మనుషుల్లో జమకట్టరు. మా ఆవిడకి పెళ్ళై రెండేళ్ళు. వీధి మలుపులో వాళ్ళని చూసిందట. గబగబా లోపలికి వెళ్ళి, మంచం మీద రెండు దిళ్ళు పొడుగ్గా పెట్టి, దుప్పటి కప్పి, తలుపు సగం మూసి, గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడే కాస్త కన్నంటిందండీ. అంటుకునే జ్వరం, లోపలికి ఎవర్నీ రానివ్వద్దన్నాడు డాక్టరు."

వాళ్ళు పాపం గుసగుసగా మాట్లాడుకుని, తలుపు సందులోంచి దిళ్ళని చూసి 'బాగా చిక్కిపోయాడు' అనుకుని, బత్తాయిలు ఇచ్చి వెళ్ళారు. ఇదంతా ఉత్తరంలో రాసింది. నేను వంతెన దగ్గర అందరికీ చదివి వినిపించాను. ఒక పంజాబీ అతనికి హిందీలో చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్విందో లేదో అడగాలని తోచలేదు.

తిరిగొచ్చాక సరిచేద్దామన్న హెడ్ గుమస్తా గారు, "ఇప్పుడు కదిపితే కందిరీగల తుట్టె, ఉండనీ" అన్నారు. రెండో పిలుపుకి మళ్ళీ టైఫాయిడే. మూడోసారికి నేనే అడక్కుండా టైఫాయిడ్ అని రాసి ఇచ్చేశాను. అప్పటికి ఆఫీసులో సగం మందికి సంగతి తెలుసు. తెలిసి కూడా బత్తాయిలు తెచ్చారు. అదో ఆచారం అయిపోయింది. నా తర్వాత చేరినవాళ్ళు సీనియారిటీలో నన్ను దాటి వెళ్ళారు. అప్పుడు కూడా నోరు మూసుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

రిటైర్మెంటుకి పది నెలల ముందు పెన్షన్ కాగితాలు వెళ్ళాయి, అంతే వేగంగా తిరిగొచ్చాయి. ఆడిట్‌వాళ్ళు మూడు టైఫాయిడ్లనీ పట్టుకున్నారు. మొదటిదానికి సర్టిఫికెట్ ఉంది, మిగతా రెండింటికీ లేదు. కాబట్టి ఆ పదహారు నెలలూ అనుమతి లేకుండా పనికి ఎగ్గొట్టినట్టు లెక్క. సర్వీసు తెగిపోయినట్టు, అంటే అంతకుముందు చేసిన ఏళ్ళు కూడా పెన్షన్‌కి లెక్కలోకి రావు. ఎగ్గొట్టడం! ఆ మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మా సూపరింటెండెంటు ఒకప్పుడు నాకు జూనియరు. నేనే పని నేర్పాను. మంచివాడు. తలుపు వేసి కూర్చోబెట్టాడు.

"గురువుగారూ, దీనికంత కంగారెందుకండీ? పాత తేదీలేసి రెండు సర్టిఫికెట్లు తెచ్చెయ్యండి. నేను రెగ్యులరైజ్ చేయించేస్తా. ఓ ఏడాదో ఏడాదిన్నరో సర్వీసు తగ్గుతుందేమో, మిగతాదంతా సాఫీగా అయిపోతుంది."

"నేను జబ్బు పడలేదయ్యా. బోర్డర్లో ఉన్నాను. నా డిశ్చార్జి పుస్తకంలో తేదీలతో సహా ఉంది."

"ఉందండీ, నాకు తెలియదా? కానీ అది బయటపెడితే ఏమవుతుందో ఆలోచించండి. మీరు తప్పుడు కారణం చూపించి సెలవు తీసుకున్నట్టేగా? చార్జిమెమో ఇవ్వక తప్పదు నాకు. ఎంక్వైరీ తేలేదాకా పెన్షన్ మొత్తం ఆగిపోద్ది. ఎందుకండీ ఈ వయసులో?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. అబద్ధం చెబితే చాలావరకు దక్కుతుంది. నిజం చెబితే అంతా ఆగిపోవచ్చు. ఇంటి అప్పు ఇంకా నాలుగేళ్ళు కట్టాలి. పెద్ద వీరుణ్ణి కాను నేను. మర్నాడు ఆఫీసు ఎదురు సందులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళి, కావలసిన తేదీలు చెప్పి, టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. కాంపౌండరు దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"ఏ జబ్బు రాయమంటారు సార్? పదకొండు నెలలంటే టైఫాయిడ్ చాలదండీ. కామెర్లు కూడా కలుపుదామా? లేకపోతే నరాల బలహీనత వేసుకోండి, ఎన్నాళ్ళైనా పడతది."

నరాల బలహీనత! ఆ కొండల్లో నేను తవ్వి తీసినవాడి చెయ్యి, తియ్యలేకపోయినవాడి బూటు, రెండూ కళ్ళముందుకొచ్చాయి. టోకెన్ అతని చేతిలోనే పెట్టేసి బయటికొచ్చి ఆటో ఎక్కాను.

ఇంట్లో మా ఆవిడ పప్పుకి తాలింపు వేస్తోంది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఎప్పుడూ నాకంటే లౌక్యం తెలిసిన మనిషి. 'రెండు కాగితాలేగా, తెచ్చిపడెయ్యండి' అంటుందనుకున్నాను. స్టవ్ కట్టేసింది.

"మీకో సంగతి చెప్పనా? ఆ కొండల్లో ఏదో జరిగిందని రేడియోలో చెప్పారు, గుర్తుందా? ఎంతమంది పోయారో తెలీదన్నారు. ఆ పూట మీ ఆఫీసువాళ్ళు మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మీకు జ్వరం తగ్గిందా అని అడిగారు. తగ్గిందండీ, ఇవాళ కాస్త గంజి తాగారు అని చెప్పాను. అలా నవ్వుతూ చెప్పాలి నేను. మీరు బతికున్నారో లేదో నాకు తెలీదు. ఎవరి దగ్గరైనా ఏడుద్దామన్నా మనిషి లేడు. పక్కింటావిడకి కూడా మీరు లోపల పడుకునే ఉన్నారు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు ఉత్తరంలో రాశారుగా, అందరికీ చదివి వినిపించాను, తెగ నవ్వాం అని. ఇంకేం చెప్పను?"

సిగ్గేసింది. అరవైకి దగ్గరపడ్డ మనిషిని, వంటింటి గుమ్మంలో నిలబడి, ఇన్నేళ్ళ తర్వాత సిగ్గుపడ్డాను. నేను వంతెన కాశానని విర్రవీగుతూ తిరిగాను. ఇక్కడ ఈవిడ ఒంటరిగా రెండు దిళ్ళకి కాపలా కాసింది.

"మళ్ళీ జబ్బని రాసిచ్చారంటే మాత్రం నేనూరుకోను," అంది. "పోతే పోయింది పెన్షన్. నేను జాకెట్లు కుట్టి బతికిస్తా."

అక్కడితో తేలిపోయింది. కానీ ఒక పని మిగిలింది. రిజిస్టరులో ఆ టైఫాయిడ్లు రాసిన చేతిరాత మా హెడ్ గుమస్తా గారిది. ఆయన రిటైరై మంగళగిరిలో ఉంటున్నారు. చెప్పకుండా కాగితం పెట్టడం మర్యాద కాదని బస్సెక్కి వెళ్ళాను. వసారాలో కూర్చుని ఉన్నారు. పక్కింట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. నేను చెప్పింది విని ఆయన ముఖం పాలిపోయింది.

"నీకు మేలు చేద్దామనే చేశానయ్యా."

"మేలే చేశారండీ. కాదనను. కానీ ఆ మేలు వల్ల నేను రోగిష్టివాణ్ణయ్యాను. దొంగనయ్యాను. సైనికుణ్ణి మాత్రం కాలేకపోయాను."

"నా పేరు రాస్తావా? ఈ వయసులో నన్ను పిలిపించి అడిగితే తట్టుకోలేను. మా ఆవిడకి బీపీ."

సాక్ష్యం చెబుతారేమో అని మనసులో ఓ మూల ఆశ ఉంది నాకు. ఆ మాటతో ఆ ఆశ పోయింది. కోపమూ వచ్చింది, జాలీ వేసింది. "మీ పేరు రాయనండీ. సంతకం నాది, నేనే చూసుకుంటాను" అన్నాను. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను.

వాంగ్మూలం నేనే సొంతంగా తెలుగులో రాశాను. ఫలానా ఫలానా తేదీల్లో నాకు ఏ జబ్బూ లేదు, పిలుపు మీద సైన్యంలో ఉన్నాను, సెలవు చీటీలో అబద్ధం రాశాను, దానికి ఏ శిక్ష వేసినా సరే, కానీ ఆ కాలాన్ని డ్యూటీగా రాయండి, లేదా రాయలేమని మీరు రాసివ్వండి, అంటూ రెండు పేజీలు. డిశ్చార్జి పుస్తకం నకళ్ళు జతచేశాను. సూపరింటెండెంటు చదివి తల పట్టుకున్నాడు. వారంలో చార్జిమెమో వచ్చింది. ఆఫీసులో నన్ను చూసినవాళ్ళంతా చావు కబురు విన్నట్టు ముఖాలు పెట్టేవాళ్ళు. 'చివర్లో ఈ పిచ్చేంటి మనిషికి' అని క్యాంటీన్లో అనుకోవడం విన్నాను. టీ గ్లాసు పట్టుకుని వాళ్ళ బల్ల దగ్గరికే వెళ్ళి కూర్చున్నాను. "పిచ్చేనయ్యా. ఇన్నాళ్ళూ తెలివిగా ఉండి చూశాంగా" అన్నాను.

ఎంక్వైరీ ఆఫీసరు వేరే జిల్లా నుంచి వచ్చాడు. నా తరఫు సాక్షి ఎవరని అడిగితే మా ఆవిడ పేరు ఇచ్చాను. ఆవిడ మంగళగిరి చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఆయనకి ఎదురుగా కూర్చుంది. నేను గోడ పక్కన కూర్చున్నాను.

"అమ్మా, మీవారు తప్పుడు కారణంతో సెలవు పెట్టారని మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసండీ. మంచం మీద దిళ్ళు పెట్టి దుప్పటి కప్పింది నేనే."

ఆయన రాయడం ఆపి తలెత్తాడు. "మరి ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారండీ? జ్వరం ఎలా ఉందని అడిగారు, చెప్పాను. ఆయన ఎక్కడున్నారని ఇవాళ మీరే అడుగుతున్నారు. కొండల్లో ఉన్నారు. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. అక్షరం అక్షరం రాసుకున్నాడు. నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఉత్తర్వు నా రిటైర్మెంటుకి తొమ్మిది రోజుల ముందు వచ్చింది. అబద్ధపు కారణం చూపి సెలవు పొందినందుకు తీవ్రంగా మందలించారు. ఆ మందలింపు సర్వీసు రిజిస్టరులో శాశ్వతంగా ఉంటుంది. అదే ఉత్తర్వులో కింద, ఆ ఇరవై మూడు నెలలనీ డ్యూటీగా లెక్కించాలని కూడా ఉంది. పోయిన ప్రమోషన్లు తిరిగి రావు. దాని గురించి ఒక్క ముక్క లేదు. ముప్పై ఆరేళ్ళు మచ్చ లేకుండా చేశావు, చివర్లో మచ్చ పడిందే అని జాలిపడ్డవాళ్ళతో, "అబద్ధం ఆడాను, మందలించారు, సరిపోయింది" అన్నాను.

వీడ్కోలు సభ మా ఆఫీసు మీటింగు హాల్లో పెట్టారు. బ్యానరు, శాలువా, దండ, స్వీటూ హాటూ ప్యాకెట్లు, అన్నీ మామూలే. వక్తలంతా నేను సౌమ్యుణ్ణనీ, చీమకైనా హాని చెయ్యననీ చెప్పారు. నా ఉద్యోగం గురించి అందరూ చెప్పారు గానీ, సైన్యం మాట ఒక్కరి నోటా రాలేదు. ఆ విషయం కదిపితే చార్జిమెమో కదిలించినట్టవుతుందని భయం. హెడ్ గుమస్తా గారు వచ్చి వెనక వరసలో తల దించుకుని కూర్చున్నారు. మా ఆవిడ ముందు వరసలో ఉంది.

నా వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్ళి జేబులోంచి ఉత్తర్వు తీశాను. సూపరింటెండెంటు "గురువుగారూ, వద్దండీ" అని గొంతు తగ్గించి అన్నాడు. నేను దండ తీసి బల్ల మీద పెట్టి చదవడం మొదలుపెట్టాను. నంబరు, తేదీ, నా హోదా, నా తప్పు, నాకు వేసిన శిక్ష, ఏదీ వదల్లేదు. ఆఖరి పేరా చదివాను.

"పై తేదీల మధ్యకాలంలో సదరు ఉద్యోగి అస్వస్థుడు కాడనియు, సైనిక విధులలో ఉన్నాడనియు ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎటు చూడాలో తెలియక అందరూ బల్లల మీదున్న స్వీటు ప్యాకెట్లవైపు చూస్తున్నారు. కాగితం మడతపెట్టబోతుంటే మా ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏవండీ," అంది, హాలంతా వినపడేట్టు. "ఆ ఆఖరి ముక్క మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను.